కృపకు వెల కట్టకండి: కడప జిల్లా పాస్టర్లకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

ఉమ్మడి కడప జిల్లా సంఘాల పాస్టర్లకు, పెద్దలకు, స్త్రీల మైత్రి బాధ్యులకు ప్రభువు నామమున వందనాలు.

నేను జమ్మలమడుగు వైపు ఒక పల్లె సంఘంలో సండే స్కూల్ చెప్పే టీచర్ని. నాకు సెమినరీ చదువు లేదు. చిన్నప్పటి నుంచి మీ ప్రసంగాలు వింటూ, ఇంట్లో బైబిలు చదువుకుంటూ పెరిగినదాన్ని. ఏదైనా ఉంటే సంఘంలోనే మాట్లాడొచ్చు కదా, ఇలా అందరి ముందుకూ తేవడం ఎందుకు అంటారేమో. మాట్లాడాను. "ఇవి పెద్ద విషయాలమ్మా, మీరు పిల్లల పాటలు చూసుకోండి" అన్నారు. అయినా ఇది ఒక్క సంఘం విషయం కాదు. ప్రొద్దుటూరు ఉజ్జీవ సభల్లో విన్నాను, ముద్దనూరు వైపు ఉపవాస కూడికల్లో విన్నాను, మా పల్లెల్లో ఇంటింటి ప్రార్థనల్లో వింటూనే ఉన్నాను. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

నా బాధ ఇది. మన యోగ్యత చూడకుండా దేవుడిచ్చే కృపకు మీరు విధేయతను వెలగా మార్చేశారు. "విధేయత చూపించు, దేవుడు నిన్ను దీవిస్తాడు. కష్టం వచ్చిందా, ఎక్కడో నీ అవిధేయత ఉంది, వెతుక్కో." ఈ మాటను ఎన్ని రకాలుగా తిప్పి చెప్పినా లోపల ఉన్నది ఇదే. ఇది సువార్త కాదు. దీనివల్ల మనుషులు నలిగిపోతున్నారు.

పోయిన ఏడాది మా పక్క పల్లెలో ఒక ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. ఆ ఇంటాయన గుత్తకు తీసుకున్న నల్లరేగడి పొలంలో పప్పుశనగ వేశాడు. పైరు పూతకొచ్చే వేళకు ఎండు తెగులు పట్టింది. పెట్టిన పెట్టుబడి అంతా మట్టిలో కలిసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆయన గుండెపోటుతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా చదువుకుంటున్నారు. ఆదరణ కూడికకు బయటి ఊరి నుంచి ఒక బోధకుణ్ణి పిలిచారు. ఆయన దశమభాగం ఇవ్వనివాళ్ళు దేవుణ్ణి దొంగిలించినట్టే అని చెప్పే మలాకీ మూడో అధ్యాయం తీసి, ఈ ఇంట్లో దేవుని భాగం దేవునికి సరిగా చేరలేదేమో పరీక్షించుకోండి అన్నాడు. షామియానా కింద కూర్చున్న వాళ్ళందరూ విన్నారు. లోపల గడప పక్కన కూర్చున్న ఆమె కూడా వింది.

జనం వెళ్ళిపోయాక ఆమె ట్రంకు పెట్టె తెరిచి దశమభాగం కవరు తీసింది, రాబడిలో పదో వంతు వేసి సంఘానికిచ్చే కవరు. మీరు ఇచ్చేదే, మీకు తెలుసు: ముందు వైపు కుటుంబ యజమాని పేరు, నంబరు, వెనక పన్నెండు నెలల గళ్ళు, ప్రతి గడిలో మొత్తం, పక్కన కోశాధికారి పొట్టి సంతకం. ఆగస్టు దాకా సంతకాలున్నాయి. ఆ తర్వాత గళ్ళన్నీ ఖాళీ. ఆమె వేలు సెప్టెంబరు గడి మీద పెట్టి, "అక్కా, ఈ నెల నుంచి విత్తనాలకు, మందులకు కట్టాల్సి వచ్చింది. అందుకేనా ఆయన పోయింది?" అని అడిగింది.

కాదమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు. కాదన్నది నేను, అవునన్నది ప్రసంగ పీఠం. ఎవరి మాట బరువుగా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దగ్గరికి అతని స్నేహితులు కూడా ఆదరించడానికే వచ్చారు. ఏడు రోజులు నోరు విప్పకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు, అంతవరకు మంచి పనే చేశారు. నోరు విప్పాకే పాడుచేశారు. నీ పిల్లలు పాపం చేసుంటారు, నువ్వేదో దాచుంటావు, దేవుడు ఊరికే శిక్షించడు అన్నారు. చివరికి దేవుడు వాళ్ళతో ఏమన్నాడు? "మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు." యోబు దేవుణ్ణి ఎన్ని ప్రశ్నలు వేసినా దేవుడు భరించాడు. దేవుడి తరఫున లెక్కలు తేల్చడానికి వచ్చినవాళ్ళ మీద ఆయన కోపం మండింది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్ళు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు కూడా, ఇద్దరూ కాదని యేసు ప్రభువు సూటిగా చెప్పాడు. ఆ ప్రశ్ననే మీరు మన పల్లెల్లో మళ్ళీ వేస్తున్నారు, జవాబు మాత్రం మార్చి చెబుతున్నారు.

మలాకీ మాట ఎత్తారు కాబట్టి దశమభాగం గురించి కూడా చెప్పాలి. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు తీసి చూడండి. మూడేళ్ళకొకసారి ఆ దశమభాగాన్ని ఊళ్ళోనే ఉంచాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్ళు వచ్చి కడుపునిండా తినాలి. అంటే ధర్మశాస్త్రం ప్రకారం చూసినా ఆ ఇంట్లో ఆమె దశమభాగం ఇవ్వాల్సిన మనిషి కాదు, అందుకోవాల్సిన మనిషి. ఆ ఇద్దరు ఆడపిల్లల ఫీజులు సంఘం కట్టి ఉంటే అది మలాకీ చెప్పిన విధేయత అయ్యేది. ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. మా సంఘంలో కోత పండుగ రోజు ఆరాధన అయ్యాక వేలంపాట జరుగుతుంది. ఒక గుమ్మడికాయను, నాలుగు నాటుకోడి గుడ్లను పది రెట్ల ధరకు సంతోషంగా పాడుకునే మనుషులు మనవాళ్ళు. ఇవ్వడంలో ఉన్న ఆ ఆనందాన్ని భయంగా మార్చొద్దని మాత్రమే అడుగుతున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన సండే స్కూళ్ళలో పిల్లలకు పది ఆజ్ఞలు కంఠస్థం చేయిస్తాం. ఏ పిల్లవాణ్ణి లేపి అడిగినా "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అని మొదలుపెడతాడు. అది నిర్గమకాండం 20వ అధ్యాయం మూడో వచనం. దాని ముందు రెండో వచనం ఉంది: నిన్ను ఐగుప్తులోనుంచి, దాసుల గృహంలోనుంచి బయటికి తీసుకొచ్చిన నీ దేవుణ్ణి నేనే అని. దాన్ని వదిలేసి నేర్పిస్తున్నాం. అక్కడే తేడా అంతా వచ్చింది. దేవుడు మోషే చేతికి పలకలిచ్చి ఐగుప్తుకు పంపలేదు. ఇటుకలు చేస్తున్న ఆ బానిసలతో ముందు ఈ పదీ పాటించండి, ఆ తర్వాత విడిపిస్తాను అనలేదు. సముద్రం దాటించాడు, మన్నా పెట్టాడు, బండలోనుంచి నీళ్ళిచ్చాడు. అప్పటికే వాళ్ళు ఎన్నిసార్లు సణిగారో మనకు తెలుసు. అయినా సీనాయి దాకా మోసుకొచ్చి, అప్పుడు చెప్పాడు: మీరిక నావాళ్ళు, నావాళ్ళు ఇలా బతుకుతారు అని.

బైబిలంతా ఇదే వరస. అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అని ఆదికాండం 15లో ఉంది. సున్నతి ఆజ్ఞ వచ్చింది 17లో. పౌలు రోమా పత్రికలో ఈ ముందువెనకల మీదే తన వాదమంతా నిలబెట్టాడు. జనాన్ని దోచుకున్న సుంకరి జక్కయ్య చెట్టు మీద ఉండగానే ప్రభువు "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు. అప్పటికి జక్కయ్య ఒక్క పైసా కూడా వెనక్కివ్వలేదు. ప్రభువు ఇంటికొచ్చాక ఆస్తిలో సగం బీదలకిచ్చాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఏ పాస్టరూ అతని దగ్గర కవరు పట్టుకొని నిలబడలేదు. సిలువ మీద దొంగకైతే విధేయత చూపించడానికి టైమే లేదు.

మన మెట్ట సేద్యగాళ్ళకు ఇది వివరించడం కష్టమేమీ కాదు. పదును వాన పడితే విత్తనం వేస్తాం. విత్తనం వేశామని వాన పడదు. ఏ రైతూ నా గొర్రుకు వాన దిగొచ్చిందని చెప్పుకోడు. అట్లని పదును అయ్యాక కూడా పొలానికి పోకుండా అరుగు మీద కూర్చున్నవాణ్ణి ఎవరూ సేద్యగాడనరు. కృప ఆ వాన. విధేయత ఆ సేద్యం. రెండూ కావాలి, కానీ ముందుది ముందే.

మన గుళ్ళ గోడల మీద, పెళ్ళి పత్రికల మీద, ఆటోల వెనక కూడా ఎఫెసీ 2:8 కనిపిస్తుంది: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." గోడ మీద ఇది రాసి, లోపల పీఠం మీద దీనికి ఎదురు చెబితే వినేవాళ్ళు ఏది నమ్మాలి? పదో వచనం కూడా చదవమని అడుగుతున్నాను. దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని అక్కడుంది. క్రియలు కావాలని పౌలు గట్టిగానే చెప్పాడు. అవి రక్షణకు దారి కావు, రక్షణ పొందినవాళ్ళు నడిచే దారి.

ఇది నా సొంత కవిత్వం కాదు. సంఘం దీని మీద ఎప్పుడో పోట్లాడి తేల్చుకుంది. మనిషి గట్టిగా తలచుకుంటే తన సొంత బలంతోనే ఆజ్ఞలన్నీ పాటించి పాపం లేకుండా బతకగలడని పెలాగియస్ అనే సన్యాసి బోధించాడు. ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను దానికి అడ్డం నిలిచాడు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. పదహారు వందల ఏళ్ళు దాటాక అదే బోధ మన ఊళ్ళలో మైకు సెట్టు మీద వినబడుతోంది. పాపక్షమాపణ పత్రాలు అమ్మడం మీద 1517లో జర్మన్ సన్యాసి లూథరు మొదలుపెట్టిన గొడవ మీకు తెలిసిందే. రోమన్ కేథలిక్కులు క్రియల వల్ల రక్షణ అంటారని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారు, అదీ న్యాయం కాదు. లూథరు బోధకు జవాబుగా కూర్చున్న కేథలిక్కుల ట్రెంట్ సభ కూడా 1547లో ఒక మాట ఒప్పుకుంది: నీతిమంతులుగా తీర్చబడే కృపను ముందుగా మన విశ్వాసమూ సంపాదించలేదు, మన క్రియలూ సంపాదించలేవు అని. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కేథలిక్ సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనలోని ఏ యోగ్యతా కారణం కాకుండా కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, తన ఆత్మనిచ్చి మంచి పనులకు పిలుస్తాడు, దానికి తగిన బలమూ ఇస్తాడు అని అందులో ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు కూడా చేరాయి. ఒకసారి వచ్చిన రక్షణ పోతుందా పోదా అనే దగ్గర కాల్విను వైపువాళ్ళకూ (రిఫార్మ్‌డ్) వెస్లీ వైపువాళ్ళకూ (మెథడిస్టులు) ఇంకా తేడా ఉంది, మన జిల్లాలో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళూ పెంతెకోస్తు వాళ్ళూ దాని గురించి వాదించుకుంటూనే ఉంటారు. వాదించుకోండి. కానీ కృప మనం కొనుక్కునేది కాదన్న దగ్గర వీళ్ళెవరికీ తేడా లేదు.

మన సొంత చరిత్ర చూసినా అంతే. ఇంగ్లండు మిషనరీ సంఘమైన లండన్ మిషన్ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. తర్వాత వచ్చింది 1876-78 నాటి ధాత కరువు. ఆ కరువు మాట మా జేజి నోట వింటూ పెరిగాను. పొరుగున ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనికి కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. ఆ కరువు పనులు సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం దేవుడి దగ్గరికొచ్చారన్న మాట రాకూడదని. పనులు అయిపోయాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీన్ని మీరు చాలాసార్లు ఉజ్జీవ సభల్లో గొప్పగా చెబుతారు. ఆ జనంలో ఎక్కువమంది మాదిగలు, అక్షరం రానివాళ్ళు, ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వబడనివాళ్ళు. దేవుడికి చూపించడానికి వాళ్ళ చేతుల్లో ఏముంది? కూలి ఆశ చూపించి సంఘంలోకి రప్పించకూడదని ఆయన అంత జాగ్రత్తపడ్డాడు. దీవెన ఆశ చూపించి కవర్లు నింపుకోవడం గురించి మనమూ అంతే జాగ్రత్తపడాలి కదా.

మా జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి కూడా నాకు ఇక్కడే గుర్తొస్తుంది. 1890ల్లో లండన్ మిషన్ డాక్టరు క్యాంప్‌బెల్ మొదలుపెట్టిన ఆసుపత్రి అది. తరతరాలుగా అన్ని కులాల, అన్ని మతాల రోగులు అక్కడికి వస్తున్నారు. మన పెద్దలు మందును దేవుడి దయగానే చూశారు. ఇప్పుడు కొందరు బోధకులు షుగరు మాత్రలు, బీపీ మాత్రలు మానేస్తేనే విశ్వాసమున్నట్టు అని చెబుతున్నారు. పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నా ప్రభువు తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్నాడు. పౌలుకు విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా? దయచేసి మాత్రల జోలికి పోకండి. ప్రాణాలు పోతాయి.

"కృప కృప అంటూ కూర్చుంటే జనం చెడిపోతారమ్మా" అని మీలో ఒకాయన నాతో అన్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, ఒప్పుకుంటాను. ఆదివారం కన్నీళ్ళతో పాటలు పాడి సోమవారం యథాప్రకారం ఉండేవాళ్ళు ఉన్నారు. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని రోమా 6లో అడిగి, అట్లనరాదు అని పౌలే చెప్పాడు. యాకోబు అయితే క్రియలు లేని విశ్వాసం చచ్చిందే అన్నాడు. విధేయత గురించి చెప్పండి. ఇంకా గట్టిగా చెప్పండి. కానీ ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పండి.

ఆడవాళ్ళ గాజుల మీద, పూల మీద, టీవీ సీరియళ్ళ మీద మీరు చేసే ప్రసంగాలు లెక్కలేనన్ని. కట్నం మీద ఒక్క పూర్తి ప్రసంగం నేను వినలేదు. వరకట్నం మాట్లాడుకొని, అదే ఇంట్లో ప్రార్థన చేయించి, పెళ్ళి ప్రకటన గుడిలో చదివిస్తున్నారు. అది అవిధేయత కాదా? నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పే మనిషి సంఘ పెద్దగా ముందు వరసలో కూర్చుంటాడు. బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న నిర్గమకాండం 22 అతనికి ఎవరూ చదివి వినిపించరు. ప్రభువు రాత్రి భోజనపు బల్ల ఒక్కటే అయినా, దాని దగ్గర కలిసి మోకరించే మాల మాదిగ కుటుంబాల మధ్య పెళ్ళి సంబంధం అంటే ఇప్పటికీ ఇళ్ళు భగ్గుమంటాయి, సంఘ ఎన్నికలొస్తే ఓట్లు కులం ప్రకారం చీలతాయి. శనగ కోతకొచ్చిన ఆడవాళ్ళకు కూలి వారం వారం వాయిదా వేసే రైతు మన సంఘంలోనే ఉంటాడు. యాకోబు రాసింది అతని గురించే: "మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." ఆ మాట కోత పండుగ రోజు చదవండి. అప్పుడు విధేయత ఎంత ఖరీదైనదో, ఆ ఖరీదు కట్టగలవాళ్ళకు తెలుస్తుంది. ఇప్పుడైతే లేనివాళ్ళ దగ్గరే వసూలు చేస్తున్నాం.

ఇంకో మాట మీకు నచ్చకపోవచ్చు. పాస్టరు మాటకు ఎదురు చెప్పడం దేవుడికి ఎదురు చెప్పడమే అని కొన్ని చోట్ల బోధిస్తున్నారు. హెబ్రీ 13:17 చూపిస్తారు, నాయకులకు లోబడమని. ఆ వచనంలోనే నాయకులు లెక్క ఒప్పచెప్పవలసినవాళ్ళని కూడా ఉంది. "మందకు మాదిరులుగా ఉండుడి" అని పేతురు రాసింది మీకే, ప్రభువులైనట్టు ఉండొద్దని చెప్పింది కూడా మీకే. నేను నా పాస్టరుగారిని గౌరవిస్తాను. మా ఇంట్లో ఎవరికైనా బాగలేకపోతే రాత్రి పదకొండుకు కూడా వచ్చి ప్రార్థన చేసే మనిషి ఆయన. చాలీచాలని జీతంతో మీలో చాలామంది ఎట్లా నెట్టుకొస్తున్నారో, పాస్టరమ్మగార్లు ఇల్లు ఎట్లా నడుపుతున్నారో నాకు తెలుసు. సంఘం మీకు సరిగా జీతమివ్వాలి, అది మా విధేయత. కానీ చందా బాకీ ఉందని ఒక మనిషిని బల్లకు రానివ్వకపోవడం ఏ వాక్యంలోనూ లేదు. ప్రభువు ఆ రాత్రి రొట్టె విరిచి ఇచ్చింది తెల్లవారేలోగా తనను ఎరగనని చెప్పబోయే పేతురుకు.

నేను అడుగుతున్నవి పెద్ద పనులు కావు. బల్ల ఆదివారం కవర్ల పుస్తకం బల్ల దగ్గరికి తేకండి. ఎవరు ఎంత ఇచ్చారో గుడిలో పేర్లు చదవడం ఆపండి. ఆదరణ కూడికకు బయటి బోధకుణ్ణి పిలిచేముందు ఆయనతో కూర్చొని, ఈ ఇంట్లో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో తేల్చుకోండి. మే నెలలో వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిలు బడి) పాఠాలు తయారుచేసేటప్పుడు పది ఆజ్ఞలను రెండో వచనం నుంచి పెట్టండి. మా పిల్లలకు నేను ఇప్పటికే అలా నేర్పిస్తున్నాను.

నేను రాసినదాంట్లో వాక్యానికి విరుద్ధమైనది ఉంటే వచనం చూపించి చెప్పండి, వింటాను. ఆ చర్చ ఎన్నాళ్ళయినా సాగనివ్వండి. ఈలోగా మీ సంఘంలో అలాంటి ఇల్లు ఏదైనా ఉంటే అక్కడికి వెళ్ళండి. నీ భర్త చావుకు నీ కవరుకు సంబంధం లేదమ్మా అని ఆమెకు మీ నోటితో చెప్పండి. నేను చెబితే ఆమె నమ్మడం లేదు.

ఇట్లు,
ప్రభువునందు మీ సోదరి,
ఒక సండే స్కూల్ టీచర్,
జమ్మలమడుగు ప్రాంతం, కడప జిల్లా